ఎలుకకు నయమైతే హెడ్డింగు పెట్టేస్తావా?

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. కంటి క్యాన్సర్ మీద రాయడానికి పూనుకున్నావు, సంతోషం. కానీ 'ఎలుకల్లో విజయం, ఇక మనుషులకే' అన్న హెడ్డింగు కొట్టెయ్. ఇక్కడ బెజవాడలో కంటి ఆసుపత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్న తండ్రి దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుంటాడు. లోపలికెళ్లి డాక్టరు ముందు పెడతాడు.

రెటినోబ్లాస్టోమాని, అంటే కంటి వెనక తెరైన రెటీనాలో పుట్టే క్యాన్సర్ని, నాలుగు లైన్లలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉందమ్మా! పసిపిల్లలకొచ్చే ఆ జబ్బుకి మూలం ఆర్‌బీ1 జన్యువు చెడిపోవడమని తెలిశాక, అదే జన్యువు ఒక కాపీ పాడైన ఎలుకల్ని తయారుచేశారు. 1992లో ఫలితాలొచ్చాయి. కంట్లో కణితి ఎదురుచూస్తే, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలో లేచింది. ఎలుక రెటీనాలో ఆర్‌బీ లేకపోతే దాని చుట్టమైన పీ107 అనే జన్యువు ఆ పని అందుకుంటుంది. రెండూ పోతే కంట్లో కణితి పుడుతుంది. ఇంత మలుపు చేతిలో ఉండగా 'జంతువులపై ప్రయోగాలు జరిగాయి' అని రాస్తే ఎవరు చదువుతారు?

పెద్దవాళ్లకొచ్చే యువియల్ మెలనోమా, అంటే కంటి మధ్యపొరలోని రంగు కణాల క్యాన్సర్, వేరే సంగతి. దాదాపు సగం మందిలో అది పాకుతుంది, ఎక్కువగా కాలేయానికే. కాబట్టి కంట్లో కణితి వచ్చిన జంతువు ఒక్కటే చాలదు. రోగి కణితి ముక్కని రోగనిరోధక శక్తి లేని ఎలుకలో పెంచి మందులు పరీక్షిస్తారు. మరి ఒంటి రోగనిరోధక శక్తినే కణితి మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో ఆ ఎలుక ఏం చెబుతుంది? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు, ఉండాలి.

నీ వ్యాసంలో చర్మం మీద వచ్చే మెలనోమా భాగంలోనూ అంతే. ఎలుక ఒంటి మీద రంగు కణాలు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్లలో ఉంటాయి, మనకేమో పైచర్మంలో. మన ఛాయవాళ్లకి మెలనోమా అరుదు. వస్తే అరికాల్లో, గోరు కింద వచ్చే రకమే ఎక్కువ. దానికి చారల చిన్న చేప జీబ్రాఫిష్‌ని వాడుకున్నారు. సీఆర్‌కేఎల్ జన్యువు జోరు పెంచితే చేప రెక్కల్లో కణితులు లేచాయని 2022లో తేలింది. కాళ్లూ చేతులూ లేని చేపకి రెక్కలే కదా! పైగా అది మన దేశపు వాగుల్లో తిరిగే చేపే. కుక్కల నోట్లో దానంతట అదే వచ్చే మెలనోమాకి ఒక్క వాక్యం చాలు.

ఆదివారంలోపు తిరగరాసి పంపు. ఫ్లాష్ ఫొటోలో పిల్లల కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకి చూపించమని బాక్సు కట్టి పెట్టు, ఎక్కడో లోపల కాదు, మొదటి పేరా పక్కనే.