కొనే ముందు మీ కారులో బిగించి చూడండి

నెలలో డెలివరీ, మొదటి బిడ్డ, ఆసుపత్రి నుంచి కారులోనే ఇంటికి తీసుకురావాలి, "అన్నిటికంటే సురక్షితమైన కారు సీటు ఏది, ఒక్క పేరు చెప్పండి చాలు" అని అడిగారు మీరు. పేరు చెప్పను. రెండేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని నెల రోజులు కనపడిన వీడియో అల్లా చూశాను. పేరు దొరికింది, సీటు కొన్నాం. పాప పుట్టిన 19వ రోజున ఆ సీటులోనే దానికి ఊపిరి అందకుండా పోబోయింది. అది చెడ్డ సీటు కాదు. మా కారులో అది సరిగ్గా కూర్చోలేదు.

ఆ రోజు డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. మా ఆయన డ్రైవింగ్, నేను వెనక పాప పక్కన. పాలు తాగి నిద్రపోయింది. పసిపిల్లలు నిద్రలో ఏదో ఒక చిన్న చప్పుడు చేస్తూనే ఉంటారు, 19 రోజుల్లో నా చెవి దానికి అలవాటు పడిపోయింది. ఒక మలుపు దాటాక ఆ చప్పుడు మారింది. గురకలా, తెగి తెగి వస్తోంది. వంగి చూస్తే తల ముందుకు వాలిపోయి, గడ్డం రొమ్ముకు ఆనుకుపోయి ఉంది. గడ్డం కింద వేలు పెడదామంటే సందు లేదు. పెదాల చుట్టూ రంగు తగ్గినట్టు కనిపించింది. కారు ఆపమని అరిచాను. బకిల్ నొక్కుతుంటే నా బొటనవేలికి బలం చాలలేదు. మా ఆయన దిగి పరిగెత్తుకొచ్చి నొక్కారు. భుజాన వేసుకోగానే పెద్దగా గాలి పీల్చి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పాపను మళ్ళీ అందులో పెట్టే ధైర్యం లేదు. ఒళ్ళో పెట్టుకుని వెళ్ళకూడదని తెలుసు. రోడ్డు పక్కనే నిలబడి మా వదినగారికి ఫోన్ చేశాం. ఆవిడ పిల్లల కారు సీట్లు బిగించడంలో శిక్షణ తీసుకున్న మనిషి. గంటలో వచ్చారు. ముందు పాపను ఎత్తుకుని ఊపిరి, రంగు చూసి, ఆ తర్వాత సీటు దగ్గరికి వెళ్ళారు. బెల్టు దూర్చిన చోట చేయి వేసి పక్కకు లాగితే బెత్తెడు కదిలింది. అక్కడ 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదట. సీటు ముందు భాగాన్ని మోసే సపోర్ట్ లెగ్ ఆనిన చోట కారు నేలను వేలి కణుపులతో కొట్టారు. డొల్లగా మోగింది. మా కారులో వెనక సీటు ముందు నేల కింద చిన్న సామాన్ల అర ఉంది, ఆ లెగ్ దాని మూత మీద నిలబడింది. గుద్దుకుంటే ఆ మూత విరిగిపోతుంది, లెగ్ ఉన్నా లేనట్టే. పైగా దాన్ని ఒక గాడి ఎక్కువ పొడవు పెట్టాం. పసిపిల్లల సీటు కారు వెనక వైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి అది పాప తల వైపును పైకి ఎత్తేసింది. మా కారు వెనక సీటు లోపలికి బాగా వాలి ఉంటుంది, దానివల్ల పాప కాళ్ళ వైపు ఇంకా కిందికి దిగింది. రెండూ కలిసి, సగం పడుకుని ఉండాల్సిన పాప నిటారుగా కూర్చుంది. మెడ నిలవని బిడ్డను నిటారుగా కూర్చోబెడితే తల ముందుకే పడుతుంది, గొంతులో గాలి దారి మడత పడుతుంది. సీటు పక్కన ఒక గీత ఉంది, అది నేలకు సమాంతరంగా ఉండాలి. ఆ గీతను నేను అంతకుముందు డిజైన్ అనుకున్నాను.

పాపను వదినగారి కారులో, ఆవిడ మనవరాలి సీటులో ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి మాన్యువల్ తెరిస్తే చివర్లో ఏ కార్లకు సరిపోతుందో జాబితా ఉంది. మా మోడల్ అందులో లేదు. అమ్మినాయన "అన్ని కార్లకూ పడుతుందండీ" అన్నాడు. అన్ని కార్లకూ పడే సీటు అంటూ ఏదీ లేదని ఇప్పుడు నేను ఎవరితోనైనా వాదిస్తాను.

అందుకే కొనేటప్పుడు మీ కారు తీసుకుని వెళ్ళండి. బిగించేది మీరే అయి ఉండాలి, అమ్మేవాళ్ళు పక్కన నిలబడి చూడాలి. గీత చూడండి, చేత్తో కదిపి చూడండి, నేలను తట్టి చూడండి. ముందు కూర్చునేవాళ్ళకు మోకాళ్ళ చోటు మిగిలిందో లేదో కూడా చూడండి. లేకపోతే నాలుగో రోజునుంచి ఎవరో ఒకరు ముందు సీటు వెనక్కి జరిపి పాప సీటును నొక్కేస్తారు. ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే బెల్టు లేకుండా పాప సీటును నేరుగా తగిలించడానికి కారు బాడీకే బిగించి ఉండేవి, ఉన్న కారైతే తప్పు బిగించే అవకాశం తక్కువ. లేకపోతే బెల్టుతోనైనా అంతే గట్టిగా బిగించవచ్చు. కొంచెం ఓపిక కావాలి, మోకాలు సీటులో ఆనించి బరువు వేసి బెల్టు లాగాలి. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ పని చేస్తుంటే వెనక్కి తిరిగిన పాప సీటు అక్కడ పెట్టనే కూడదు. ఆ బ్యాగ్ విచ్చుకుని నేరుగా పాప తల వెనక కొడుతుంది.

సీటు మీద ఆమోదం గుర్తు ఉండాలి, అది తప్పనిసరి. ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం చేసినవైతే నారింజ రంగు లేబుల్ మీద వలయంలో ఇంగ్లీషు 'E' అక్షరం ఉంటుంది. పాత ప్రమాణం ఆర్44 బరువు లెక్కన నడుస్తుంది. 2013లో వచ్చిన ఆర్129 బిడ్డ పొడవు లెక్కన, సెంటీమీటర్లలో నడుస్తుంది, పక్కనుంచి గుద్దే పరీక్ష కూడా పెడుతుంది, 15 నెలలు నిండేదాకా వెనక్కే తిరిగి ఉండాలంటుంది. దొరికితే ఆర్129 తీసుకోండి. ఆ గుర్తు దాటాక మీరు పెట్టే అదనపు డబ్బు ఎక్కువగా గుడ్డకూ రంగుకూ, సీటును పక్కకు తిప్పే చక్రానికే పోతుందని నా నమ్మకం.

వెనక్కి తిప్పడం ఎందుకని మా మామగారు అడిగారు, మీ ఇంట్లోనూ ఎవరో అడుగుతారు. పుట్టిన బిడ్డ పొడవులో పావు వంతు తలే. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందుకు చూస్తూ కూర్చుంటే గుద్దుకున్నప్పుడు ఒంటిని పట్టీలు ఆపేస్తాయి, తల మాత్రం ముందుకు వెళ్ళిపోతుంది, ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తం సీటులోకి ఒకేసారి ఒత్తుకుంటాయి. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్, జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాములు వీపు ఆనించి పడుకునే తీరు చూసి, 1960లలోనే పిల్లలకు ఇలాంటి సీటు తయారు చేశారు. అరవై ఏళ్ళయినా ఇంకా "పాప రోడ్డు చూడాలి కదా" అంటున్నారు.

ఇక ఒళ్ళో పెట్టుకోవడం. దీని గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. "నేను గట్టిగా పట్టుకుంటాలే, తల్లి ఒడి కంటే భద్రం ఏముంది" అంటారు మా అత్తయ్యగారు. ఆవిడ ప్రేమను నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. కానీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటం. మూడో అంతస్తు నుంచి బిడ్డతో పడుతూ చేతుల్లో పట్టుకోగలరా? ఈ లెక్క చెప్పాకే ఆవిడ మాట ఆపారు. ఆ తర్వాత ఇప్పటిదాకా పాపకు పట్టీ పెట్టకుండా కారు కదలనివ్వరు.

పట్టీల సంగతి. వెనక్కి తిరిగిన సీటులో అవి బిడ్డ భుజాల దగ్గర గానీ కొంచెం కింద నుంచి గానీ రావాలి, పైనుంచి కాదు. పుట్టిన పిల్లకు అన్నిటికంటే కింది గాడి కూడా ఎత్తయిపోవచ్చు, కొనేముందు అది కొలవండి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. దళసరి స్వెటర్ మీద పట్టీ వేస్తే బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, లోపల వదులుగానే ఉంటుంది. పలచని బట్టలతో పట్టీ పెట్టి, చలైతే పైన దుప్పటి కప్పండి. బహుమతిగా వచ్చే తల దిండ్లు, పట్టీలకు తొడిగే బొచ్చు కవర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సీటుతో పాటు రానిది ఏదీ దానికి తగిలించకూడదు, అది ఆ సీటుతో పరీక్షకు వెళ్ళిన వస్తువు కాదు. పాత సీటు ఎవరైనా ఇస్తామంటే, అది ఎప్పుడూ యాక్సిడెంట్‌లో పడలేదని మీరు ప్రాణం పెట్టి నమ్మే మనిషైతేనే తీసుకోండి. వెనక ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనైతే ఇంటికి పంపే ముందు కొన్ని ఆసుపత్రుల్లో గంటన్నర రెండు గంటలు కారు సీటులోనే కూర్చోబెట్టి ఊపిరి, గుండె గమనిస్తారు. చేస్తారేమో అడగండి. ఏ బిడ్డయినా సరే, ఇంటికి వచ్చాక నిద్ర చెడుతుందని సీటులోనే వదిలేయకండి. లేచి ఏడ్చినా ఫర్వాలేదు, తీసి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దూరం వెళ్ళేటప్పుడు మొదటి నెలల్లో రెండు గంటలకోసారైనా ఆపి బయటికి తీయండి. వెనక పాప పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే ఇంకా మంచిది. ఆ రోజు నేను ముందు కూర్చుని ఉంటే ఆ చప్పుడు వినేదాన్ని కాదు.

మేము ఆ వారమే మరో సీటు తెచ్చుకున్నాం. లెగ్ లేని మామూలు సీటు, మొదటి దానికంటే చవక. కొనేముందు కారులో మూడు సీట్లు బిగించి చూశాం, రెండింటికి గీత కుదరలేదు. పాప పొడవు పెరిగాక పెద్దది కొన్నాం, అదీ వెనక్కి తిరిగేదే. ఇప్పుడు రెండేళ్ళు దాటాయి, కాళ్ళు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. కాళ్ళు నొప్పెడతాయేమో ముందుకు తిప్పమని చాలామంది చెప్పారు. కాళ్ళను బట్టి తిప్పేది లేదు. సీటుకు రాసిన బరువు, ఎత్తు పరిమితి దాటాకే తిప్పుతాం. మీకింకా నెల టైముంది కాబట్టి ఈ ఆదివారమే కారు తీసుకుని వెళ్ళండి, మీరు బిగించినప్పుడు గీత ఎలా వచ్చిందో ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.