పాప మొదటి పుట్టినరోజుకి స్క్రాప్‌బుక్: కోనసీమ చెమ్మకి నిలవాలంటే

పాప మొదటి పుట్టినరోజుకి మీ చేత్తో ఒక స్క్రాప్‌బుక్ చేయాలనుకుంటున్నారు. అందులో మీ మామ్మగారి కాలం ఫొటోలు కూడా పెట్టాలని ఉంది, కానీ అమలాపురం చెమ్మకి అది నాలుగేళ్లైనా నిలుస్తుందా అని అడిగారు. నిలుస్తుందండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా అమ్మానాన్నల షష్టిపూర్తికి నేను చేసిన పుస్తకం ఆరు వర్షాకాలాలు చూసింది, ఒక్క పేజీ కూడా ఉబ్బలేదు. అయితే దానికంటే ముందు మా ఇంట్లో ఫొటోలు ఎలా పోయాయో చెప్పాలి. నేను నేర్చుకున్నది అక్కడే.

1996 నవంబరు 6 తుఫాను నాటికి నేను ఏడో తరగతి. పెంకులు లేచిపోయి ఇల్లంతా నీళ్లు. కూలిన కొబ్బరి చెట్లు, తడిసిన బియ్యం చూసుకోవడంలో ట్రంకు పెట్టెలో అమ్మ పెళ్లి ఆల్బమ్ ఉందన్న సంగతి నాలుగు రోజులు ఎవరికీ గుర్తు రాలేదు. తీసేసరికి ఎదురెదురు పేజీల ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎండలో పెట్టి, ఆరాక చేత్తో విడదీశాం. పైపొర ఊడొచ్చేసింది. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫొటోలో నాన్న చెయ్యి మిగిలింది. అమ్మ ముఖం ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

మేం చేసింది పూర్తిగా తప్పని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. పాత ఫొటోల్లో బొమ్మ ఉండేది పైనున్న జెలటిన్ పొరలో. అది తడిస్తే మెత్తబడుతుంది, ఆరితే జిగురులా పట్టేస్తుంది. తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన చల్లటి నీళ్లలో వేసి, వాటంతట అవి విడిపోయేదాకా ఆగి, బొమ్మ వైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టాలి. ఇదంతా రెండు రోజుల్లోపు జరిగిపోవాలి. కుదరకపోతే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రీజర్లో ఉంచాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన ఫొటోలని మాత్రం నీళ్లలో వేయకండి, చాలావాటికి రంగు కారిపోతుంది. అందుకే పాప ఫొటోలు ల్యాబ్‌లోనే ప్రింటు వేయించండి.

ఇక మీ పుస్తకం సంగతి. పాతవాటిలో ఒరిజినల్ ఏదీ అతికించొద్దు. స్కాన్ తీయించి కాపీ పెట్టండి. మామ్మగారి ఫొటోలు జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర కప్పే రకం ఆల్బమ్‌లో ఉంటే గోటితో లాగకండి. డెంటల్ ఫ్లాస్ దారం రెండు చివర్లూ పట్టుకుని, ఫొటో కింద రంపం లాగినట్టు మెల్లగా ఆడిస్తే వస్తుంది. మొరాయిస్తే వదిలేసి పేజీతో సహా స్కాన్ చేయించండి.

వీటన్నిటికంటే ముందు, ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. పాప కడుపులో ఉన్నప్పటి స్కానింగ్ ఫొటో ఉంది కదా, దాన్ని ఫోన్లో ఫొటో తీసి ప్రింటు వేయించండి. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం, కొన్నేళ్లకి వెలిసిపోతుంది. మా పెద్దాడిది అలాగే పోయింది, ఇప్పుడు బూడిద రంగు కాగితం ముక్క మిగిలింది.

కాగితం యాసిడ్ ఫ్రీ అని రాసి ఉన్నదే కొనండి, ఖర్చంతా దానికే పెట్టండి. మామూలు చార్టు, న్యూస్‌పేపర్ పచ్చబడతాయి, పక్కనున్న ఫొటోని కూడా పాడుచేస్తాయి. ఫెవికాల్ మన వాతావరణానికి వద్దు. అందులో నీళ్లుంటాయి కాబట్టి కాగితం ముడతలు పడుతుంది. అలంకారాలకి గ్లూ స్టిక్ చాలు. ఫొటోకి జిగురే అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవున్న కాగితం ముక్క తీసుకుని, పై అంచు మధ్య నుంచి రెండు చివర్లూ ఏటవాలుగా కిందికి మడిస్తే త్రికోణం జేబు వస్తుంది. నాలుగు జేబులు నాలుగు మూలలకి తొడిగి, వాటి వెనకభాగం పేజీకి అతికించండి. కావలసినప్పుడు ఫొటో బయటికి తీసుకోవచ్చు.

అలంకారానికి ఏవేవో కొనకండి, మన చుట్టూనే బోలెడు ఉన్నాయి. మా అత్త నర్సాపురం లేసు అల్లేది. ఆవిడ దగ్గర మిగిలిన చిన్న ముక్కలే బారసాల పేజీకి అంచు అయ్యాయి. అంతర్వేదిలో పుట్టువెంట్రుకలు తీయించిన పేజీలో గుండు ఫొటో పక్కన సఖినేటిపల్లి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) టికెట్టు పెట్టాను. మావాడు అన్నిటికంటే ముందు దాన్నే చూపించి, ఆ పడవ మీద తను ఏడ్చాడో లేదో అడుగుతాడు.

సంక్రాంతికి అందరూ కలిసిన ఫొటో ఉంటే ప్రభ (తీర్థానికి భుజాల మీద మోసుకెళ్లే ఎత్తైన అలంకారపు చట్రం) నిలబడే పేజీ చేయండి, పిల్లలకి పండగ. మందపాటి కాగితం సగానికి మడిచి, మడత అంచు నుంచి లోపలికి, ఒకదానికొకటి రెండు సెంటీమీటర్ల దూరంలో, సమాన పొడవున రెండు గాట్లు పెట్టి, మధ్యభాగాన్ని లోపలికి నెట్టండి. పేజీ తెరవగానే చిన్న మెట్టులా లేస్తుంది. దాని ముందు ముఖానికి కాగితపు ప్రభ అతికించాలి. అది మరీ పొడుగైతే పేజీ మూసినప్పుడు బయటికి పొడుచుకొస్తుంది, ముందే మూసి చూసుకోండి. నేను కింద నీలం కాగితం చింపి కౌశిక కాలువ పెట్టాను. జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు నీళ్లలో దిగి వెళ్తాయి కదా, మా అమ్మ ఆ పేజీ తెరిచి మూసి తెరిచి చూసింది.

అయినా మా పుస్తకంలో అందరూ ఆగిపోయే పేజీ అది కాదు. ముఖం పోయిన ఆ పెళ్లి ఫొటోని అలాగే పెట్టాను. పక్క పేజీ ఖాళీగా ఉంచి, అక్కడ ఏముండేదో రాయమని అమ్మకి పెన్ను ఇచ్చాను. రెండు రోజులు రాయలేదు. మూడో రోజు ఒక్కత్తే కూర్చుని రాసింది. జీలకర్ర బెల్లం తడి చెవి మీదకి కారుతుంటే నవ్వొచ్చిందట, పెద్దవాళ్లు చూస్తారని కింది పెదవి కొరికి పట్టుకుందట. ఆ చీర తనది కాదు, పిన్నిది. ఫొటో బాగున్న రోజుల్లో కూడా ఇవేవీ మాకు తెలియవు. అక్షరాలు వరసగా లేవు, ఒకచోట కొట్టివేసి మళ్లీ రాసింది. నాన్న ఆ పేజీ చదివి చాలాసేపు మాట్లాడలేదు.

అందుకని పది పేజీలే చేయండి, కానీ ప్రతి ఫొటో ఎదురుగా రాయడానికి చోటు వదలండి. తడికి చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్ను కొనండి, మామూలు ఇంకు పెన్ను రాత చెమ్మకి అలుక్కుంటుంది. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి.

పూర్తయ్యాక బీరువా పై అరలో, గోడకి ఆనకుండా, పడుకోబెట్టి ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన వేసి, వర్షాకాలంలో మార్చండి. కలరా ఉండలు దగ్గర పెట్టొద్దు. మాఘమాసంలో గాలి పొడిగా ఉన్న రోజున తీసి పేజీలన్నీ తిప్పండి, ఎలాగూ అందరూ చుట్టూ చేరతారు.

మామ్మగారికి చెయ్యి వణుకుతుందని రాశారు. అయినా ఆవిడ చేతే రాయించండి. వంకర అక్షరాల మీద మీరు దిద్దొద్దు. చదవడం కష్టంగా ఉంటే అదే మాట కింద చిన్నగా మీ చేత్తో రాయండి, పాప పెద్దయ్యాక రెండూ చదువుకుంటుంది.