త్రో-ఇన్ ఎదుట నిలబడే అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. బాస్కెట్‌బాల్‌లో త్రో-ఇన్ వేసే, అంటే గీత బయట నిలబడి బంతిని కోర్టులోకి విసిరే మనిషి ఎదుట నిలబడే పని ఈ ఏడు మీ కోచ్ నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఎత్తున్న పిల్లవు, చేతులు పొడవు. ఏ కోచ్ అయినా నిన్నే ఎంచుకుంటారు. కానీ అక్కడ జట్టుకు చేటు తెచ్చేవి కూడా పొడుగు చేతులే. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, ఆ సమయంలో తొందర ఎవరిదో గుర్తుంచుకో. బంతి చేతికి అందాక అవతలి అమ్మాయికి ఉండేది 5 సెకన్లు. ఆలోగా వదలకపోతే బంతి మీ జట్టుది. రెఫరీ చూపించిన చోటు నుంచి పక్కలకు మొత్తం ఒక మీటరుకు మించి జరగకూడదు, వెనక్కి మాత్రం చోటున్నంత మేర వెళ్లవచ్చు. వాళ్లు బాస్కెట్ వేశాక మీరు వేసే త్రో-ఇన్‌కు, మీరు వేశాక వాళ్లు వేసేదానికి ఈ మీటరు హద్దు ఉండదు. ఎండ్‌లైన్, అంటే బాస్కెట్ వెనకుండే గీత, దాని వెనక అటూ ఇటూ పరుగెత్తవచ్చు, అక్కడే ఉన్న తోటి క్రీడాకారిణికి బంతి అందించవచ్చు. అయినా 5 సెకన్లు 5 సెకన్లే. కాబట్టి నీ పని బంతిని లాక్కోవడం కాదు, ఆ సెకన్లను కరిగించడం.

ఇక గీత సంగతి. బంతి గీత దాటి కోర్టులోకి వచ్చేవరకు నీ ఒంట్లో ఏ భాగమూ గీత మీదుగా బయటికి పోకూడదు. కాలు లోపలే ఉంది కదా అనకు, గాలిలో చాచిన వేలు కూడా లెక్కలోకి వస్తుంది. విసిరే ఊపులో ఆమె చేతులు బంతితో సహా కోర్టు వైపు వచ్చినా, బంతి ఆమె చేతిలో ఉన్నంతసేపు ముట్టుకోవద్దు. అమెరికా హైస్కూల్ ఆటల వీడియోల్లో అలా ముందుకు వచ్చిన బంతిని డిఫెండర్ పట్టేసుకోవడం నువ్వు చూసే ఉంటావు. అక్కడి హైస్కూల్ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో, ఇక్కడ అది చెల్లదు. వీడియోలు చూసి ఆట నేర్చుకునే పిల్లలందరికీ ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

మామూలు సమయంలో గీత దాటితే ముందు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక నీ ఒక్కదానికే కాదు, ఆట ముగిసేదాకా జట్టంతటికీ వర్తిస్తుంది. మళ్లీ జరిగితే టెక్నికల్ ఫౌల్ (ఒంటి తాకిడి లేని తప్పుకు వేసే ఫౌల్) దాకా పోవచ్చు. నాలుగో క్వార్టర్‌లో గానీ ఓవర్‌టైమ్‌లో గానీ చివరి 2 నిమిషాల్లో వేరే హెచ్చరిక ఉండదు. రెఫరీ బంతి ఇచ్చేముందు గీత వెంబడి చెయ్యి ఆడిస్తారు చూడు, అదే హెచ్చరిక. ఆ తర్వాత దాటితే నేరుగా టెక్నికల్ ఫౌల్. వాళ్లకు ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్), ఆపైన బంతీ వాళ్లదే.

మన ఊళ్ల కోర్టుల్లో ఇంకొకటి చూసుకోవాలి. గీతకు, బయట ఉన్న గోడకో కంచెకో మధ్య 2 మీటర్ల కన్నా తక్కువ చోటుంటే, నువ్వు ఆమెకు కనీసం ఒక మీటరు దూరంలో నిలబడాలి. ఆట మొదలవకముందే నాలుగు వైపులా నడిచి ఆ చోట్లు గుర్తు పెట్టుకో.

నిలబడేటప్పుడు గీతకు అడుగు దూరం ఉంచు. గీత తొక్కిన కాలితో నువ్వు బంతిని తాకితే, బంతి నీవల్లే బయటికి పోయినట్టు. వాళ్లకు మళ్లీ త్రో-ఇన్, మళ్లీ కొత్తగా 5 సెకన్లు. మోకాళ్లు వంచి, చెయ్యి బంతి ఎత్తుకు సరిగ్గా కదిలించు. ఆమె కళ్లు చూడకు, మంచి ఆటగత్తె కళ్లతోనే మోసం చేస్తుంది. బంతినే చూడు. వీపు మాత్రం ఎన్నడూ తిప్పకు. నీ వీపుకే బంతి కొట్టి, తను కోర్టులోకి అడుగుపెట్టి, అదే బంతి అందుకుని బాస్కెట్ వేసేవాళ్లున్నారు. బంతి ఇంకొకరిని తాకింది కాబట్టి అది సక్రమమే, నువ్వు రెఫరీ వైపు చూసి లాభం లేదు. ఇక పాస్ వెళ్లిపోయాక బంతి వైపు చూస్తూ ఉండిపోకు. త్రో-ఇన్ వేసిన ఆమే తిరుగు పాస్ కోసం లోపలికి వస్తుంది, అప్పుడు ఆమె నీ బాధ్యతే.

మీరు వెనకబడి, గడియారం ఆపడానికి ఫౌల్ చేయాలనుకునే వేళ మరీ జాగ్రత్త. 2022 అక్టోబరు నుంచి త్రో-ఇన్ ఫౌల్ అని ఒకటి వచ్చింది. చివరి 2 నిమిషాల్లో, బంతి ఇంకా బయటే ఉండగా కోర్టులో ఉన్న క్రీడాకారిణిపై ఫౌల్ చేస్తే వాళ్లకు ఒక ఫ్రీ త్రో, పైగా బంతి. పాయింటూ పోతుంది, బంతీ రాదు, గడియారమేమో ఎలాగూ ఆగే ఉంది. బంతి చెయ్యి వదిలాకే ఫౌల్ చేయమని వెనకున్న పిల్లలకు కూడా నువ్వే గట్టిగా అరిచి చెప్పాలి. వాళ్లకన్నా బంతి నీకే బాగా కనబడుతుంది.

గడియారం మీద 0.2 సెకను గానీ 0.1 సెకను గానీ మిగిలితే, బంతి పట్టుకుని షాట్ వేయడానికి వాళ్లకు వీలులేదు. గాల్లోనే తట్టాలి, లేదా నేరుగా డంక్ చేయాలి, అంటే ఎగిరి బంతిని చేత్తోనే రింగులోకి కుక్కాలి. కాబట్టి దూరం షాట్ల భయం వదిలేసి అందరూ రింగు దగ్గరకు చేరండి. 0.3 ఉంటే మాత్రం పట్టుకుని వేయవచ్చు, అప్పుడు ఎవరి మనిషిని వాళ్లు వదలకూడదు.

ఫిబా నిబంధనల పుస్తకంలో త్రో-ఇన్ గురించిన 17వ అధికరణం ఒకసారి చదువు. రేపటి సాధనలో ఎవరినైనా పక్కన నిలబెట్టి 5 సెకన్లు పైకి లెక్కపెట్టించు, నీ చేతులు గీత దాటినప్పుడల్లా ఈల వేయమను.

నీ పెదనాన్న