సిగ్గా, పరువు పోవడమా?

ప్రశ్న: స్నేహితుడి బ్యాంకు లోనుకు నాన్నగారు హామీ సంతకం పెట్టారు. అతను కట్టడం మానేశాడు. పోయిన వారం రికవరీ ఏజెంటు బ్రాడీపేటలో మా ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా అరిచాడు. అప్పటినుంచి నాన్న సిగ్గుతో గుమ్మం దాటడం లేదు, పాలప్యాకెట్‌కి కూడా నన్నే పంపిస్తున్నారు. ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది సిగ్గు కాదమ్మా, పరువు పోయిందన్న బాధ. సిగ్గు మనం చేసిన పనికి, ఎవరూ చూడకపోయినా లోపల గుచ్చుకునేది. పరువు పోవాలంటే చూసే జనం కావాలి, తప్పు మనదే కానక్కర్లేదు. సిగ్గుపడాల్సింది ఎగ్గొట్టినాయన, ఆయనేమో దర్జాగా తిరుగుతుంటాడు (అదేం వరమో గానీ!).

హామీ ఉన్నాక కట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం ఉంటుంది, కాదనలేం. కానీ అప్పు తీసుకున్నవాళ్లనే కాదు, వాళ్ల కుటుంబాన్నీ స్నేహితుల్నీ కూడా నలుగురిలో అవమానించకూడదని, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. కాగితం ఇవ్వడానికి బ్రాంచికి నాన్నగారినే తీసుకెళ్లండి, రసీదు అడగడం మరిచిపోకండి.