ఎంజైమ్ ఉంటే సరిపోదు, చేరవలసిన చోటికి చేరాలి

ప్రశ్న: మా బంధువుల బాబుకు గోషే వ్యాధి ఉందనీ, ఒక ఎంజైమ్ లోపమే అందుకు కారణమనీ వైద్యులు చెప్పారు. జన్యులోపం ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉన్నప్పుడు ప్లీహం, ఎముకలే ఎందుకు దెబ్బతింటున్నాయి? లోపించిన ఎంజైమ్‌ను మాత్రగా ఇవ్వకూడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ జవాబు కణం లోపల ఉండే లైసోజోమ్ అనే చిన్న సంచిలో ఉంది. కణంలో అరిగిపోయిన పొరలు, ప్రోటీన్లు, కణం బయటి నుంచి మింగిన పదార్థాలు ఈ సంచుల్లోకి చేరి ముక్కలవుతాయి. కణద్రవం పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 7.2 దగ్గర ఉంటే, లైసోజోమ్ లోపల అది 4.5 నుంచి 5 వరకు మాత్రమే ఉంటుంది. అక్కడి ఎంజైములు ఆ ఆమ్లతలోనే చురుగ్గా పనిచేస్తాయి కనుక, ఒకటి రెండు సంచులు చిట్లినంత మాత్రాన కణం తనను తాను అరిగించుకోదు.

బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ ఈ సంచుల కోసం వెతకనేలేదు. ఇన్సులిన్ పనితీరు తెలుసుకోవడానికి ఎలుక కాలేయాన్ని నూరి పరీక్షిస్తున్నప్పుడు, ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తాజా నమూనాలో ఊహించినదానికంటే చాలా తక్కువగా పనిచేసింది. కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచిన తర్వాత అదే నమూనాలో దాని చురుకుదనం బాగా పెరిగింది. ఎంజైమ్ ఏదో పొర వెనుక ఉండిపోయి, ఆ పొర చిరిగాక బయటపడిందన్న ఆలోచనే 1955లో లైసోజోమ్ అన్న పేరుకూ, 1974లో మరో ఇద్దరితో కలిసి ఆయన అందుకున్న నోబెల్ బహుమతికీ దారితీసింది.

గోషే వ్యాధిలో లోపించేది గ్లూకోసెరెబ్రోసైడేజ్. అది విడగొట్టవలసిన గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వు పదార్థం విడిపోకుండా లైసోజోముల్లో పేరుకుపోతుంది. లోపం ప్రతి కణంలోనూ ఉన్న మాట నిజమే కానీ, అరిగించవలసిన భారం అన్ని కణాల మీదా ఒకేలా పడదు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. కాలం తీరిన రక్తకణాలను మింగే మాక్రోఫేజ్‌లు ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలో ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఆ రక్తకణాల పొరల్లోని కొవ్వంతా వాటిలోనే పోగుపడుతుంది. ప్లీహం ఉబ్బడానికీ, రక్తహీనతకూ, ప్లేట్‌లెట్లు తగ్గడానికీ, ఎముకల నొప్పికీ మూలం ఇదే. ఇలాంటిదే అయిన పాంపే వ్యాధిలో అరగకుండా మిగిలేది కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కనుక కండరాలు, పసిపిల్లల్లోనైతే గుండె కూడా, దెబ్బతింటాయి; టే-శాక్స్ వ్యాధిలో మిగిలిపోయే గ్యాంగ్లియోసైడ్లనే కొవ్వు పదార్థాలు నాడీకణాల్లో మెండుగా ఉంటాయి కనుక మెదడు దెబ్బతింటుంది.

ఇక మాత్ర సంగతి. ఎంజైమ్ ఒక ప్రోటీన్ కాబట్టి, మింగితే మిగతా ప్రోటీన్లలాగే పొట్టలోనూ పేగులోనూ ముక్కలైపోతుంది. నేరుగా రక్తంలోకి ఎక్కించినా పని పూర్తయినట్టు కాదు, అది సరైన కణాల లైసోజోముల్లోకి చేరాలి. ఐ-సెల్ వ్యాధి అని ఒకటుంది. ఈ విషయాన్ని అంతకంటే స్పష్టంగా చూపే వ్యాధి మరొకటి లేదని నా అభిప్రాయం. లైసోజోమ్‌కు వెళ్లవలసిన చాలా ఎంజైములకు కణం మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తును తగిలిస్తుంది, ఉత్తరం మీద చిరునామా రాసినట్టు. ఆ గుర్తు తగిలించే ఎంజైమ్ ఒక్కటి లోపించినందువల్ల, ఈ వ్యాధిలో మిగిలిన ఎంజైములన్నీ చక్కగా తయారై కూడా కణం బయటికి పోతాయి. రోగి రక్తంలో అవి సాధారణం కంటే ఎక్కువగా ఉంటాయి, ఎన్నో కణాల లైసోజోముల్లో మాత్రం దాదాపు ఉండవు.

గోషే చికిత్స కూడా ఇక్కడే చిక్కుకుంది. అమెరికాలో రోస్కో బ్రేడీ బృందం మానవ మాయ (ప్లసెంటా) నుంచి ఎంజైమ్‌ను శుద్ధిచేసి ఎక్కించినప్పుడు, అందులో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లకు అందకుండా ఇతర కాలేయ కణాల్లోకి పోయింది. ఎంజైమ్ మీద ఉండే చక్కెర గొలుసులను కత్తిరించి, మాక్రోఫేజ్‌లు గుర్తుపట్టే మానోజ్ అనే చక్కెర పైకి కనిపించేలా మార్చిన తర్వాతే మందు దారిలో పడింది. 1991లో దానికి అమెరికాలో అనుమతి లభించింది. ఇప్పుడు ఎంజైమ్‌ను ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తయారుచేసి, సాధారణంగా రెండు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కిస్తారు. ప్లీహం తగ్గుతుంది, రక్తం మెరుగవుతుంది. అయితే ఇంత పెద్ద అణువు రక్తం నుంచి మెదడులోకి చొరబడలేదు కాబట్టి, మెదడును తాకే గోషే రకాల్లో ఈ చికిత్స వల్ల నాడీ లక్షణాలు తగ్గవు.

నోటి ద్వారా తీసుకునే మందులు లేకపోలేదు. అవి ఎంజైమ్‌ను ఇవ్వవు. పేరుకునే కొవ్వు తయారీనే తగ్గిస్తాయి. ఎలిగ్లుస్టాట్ అటువంటిదే, మెదడును తాకని ఒకటో రకం గోషే ఉన్న పెద్దవారికి 2014లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. కాలేయం ఈ మందును విడగొట్టే వేగం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కనుక, ముందుగా జన్యుపరీక్ష చేసి మోతాదు నిర్ణయిస్తారు.

ప్రశ్న: ఆ బాబు తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉన్నారు. తర్వాతి బిడ్డకూ ఇది వస్తుందా?

జవాబు: తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక ప్రతి లోపంతో, మరొకటి సవ్యంగా ఉండి ఉంటుంది, ఆ సవ్యమైన ప్రతి నుంచి తయారయ్యే ఎంజైమ్ వారికి చాలుతుంది. ప్రతి కాన్పులోనూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, మొదటి బిడ్డకు వచ్చినంత మాత్రాన అది పెరగదు, తరగదు. బిడ్డకు వ్యాధి ఉందో లేదో తెల్లరక్తకణాల్లో ఎంజైమ్ కొలిచి చెప్పవచ్చు. లోపాన్ని మోసేవారిని మాత్రం ఆ కొలతతో నమ్మకంగా గుర్తించలేము, ఎందుకంటే వారి అంకెలు ఆరోగ్యవంతుల అంకెలతో కలిసిపోతాయి. వారికి జన్యుపరీక్షే చేయించాలి.