బెంగళూరులో సొంత పెరట్లో ఆకులు తగలబెట్టొచ్చా? భోగి మంట సంగతేంటి?

పెరట్లో మామిడి, బాదం చెట్లున్నాయి, రాలిన ఆకులు మన కాంపౌండ్‌లోనే కాలిస్తే తప్పేంటని అడిగారు. తప్పేనండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో చెత్తని ‘తన ఆవరణ బయట’ కాల్చకూడదని ఉన్న మాట పట్టుకుని చాలామంది వాదిస్తారు. కానీ ఆ ఏడాదే డిసెంబరు 22న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఏ నేల మీదైనా సరే చెత్త కాల్చకూడదని తేల్చేసింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు కట్టాలి. రాలిన ఆకులూ చెత్త కిందికే వస్తాయి.

పొద్దున్నే కాల్చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకోవడం ఇంకో పొరపాటు. ఆకుల కుప్పలో గాలి ఆడదు, అడుగున తేమ ఉంటుంది. అందుకే మండకుండా గంటలకొద్దీ రాజుకుంటుంది. చలికాలం ఉదయాల్లో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక నేరుగా పక్కింటి కిటికీలో దూరుతుంది.

కాల్చే బదులు, ఆకులు కుళ్ళి ఎరువయ్యేలా వాటికి గూడు కట్టండి. 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న జింకు పూత ఇనుప వల, అంటే జీఐ మెష్‌ని గుండ్రంగా చుట్టి బైండింగ్ వైరుతో కడితే మూడడుగుల పైచిలుకు వెడల్పు వస్తుంది. సిమెంటు మీద కాదు, మట్టి మీదే పెట్టండి, వానపాములు పైకి రావాలి. అడుగున పుల్లలు పరచి, ప్రతి అడుగు మందం ఆకులకీ పేడనీళ్ళు చల్లండి: 10 లీటర్ల నీళ్ళకి రెండు దోసిళ్ళ పచ్చిపేడ. పేడ దొరక్కపోతే అర లీటరు పుల్లమజ్జిగ కలపండి. మామిడాకుకి మైనం పూత ఉంటుంది, నలగ్గొట్టకుండా వేస్తే నెలలు గడిచినా అలాగే కనిపిస్తుంది. మూడు వారాలకోసారి తిరగెయ్యాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. చీమలు పట్టాయంటే లోపల ఎండిపోయినట్టు, కంపు కొడితే నీళ్ళు ఎక్కువైనట్టు. చాలామందికి చెడేది ఎండిపోవడం దగ్గరే: పైన తడి చూసి మోసపోతారు, నడిమధ్య పొడిగానే ఉంటుంది.

ఇక భోగి. నిషేధం చెత్త మీద. పిడకలు, ఎండు కట్టెలతో మోకాలెత్తు దాటని మంట వేరు, పాత చాపలు, టైర్లు, రంగేసిన కుర్చీలు, ప్లైవుడ్ వేసేది వేరు. పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, పిల్లల్ని దాని చుట్టూ నిలబెట్టకండి. సిమెంటు నేల మీద నేరుగా వెయ్యొద్దు, లోపలి తేమ ఆవిరై పెచ్చులు టప్పున ఎగిరి కాళ్ళకి తగులుతాయి. ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చి వెయ్యండి. గోడకి పదడుగుల దూరం ఉండాలి, పైన తీగలూ కొమ్మలూ ఉండకూడదు, పక్కనే రెండు బకెట్ల నీళ్ళుండాలి. పక్కింట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ముందురోజే చెప్పండి, వాళ్ళు కాదంటే మానెయ్యండి. బూడిద పైకి చల్లారినట్టున్నా అడుగున నిప్పు మర్నాటిదాకా ఉంటుంది. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోశాకే ఎత్తండి.