బీపీ నార్మలే, మరి ఆ గాబరా ఏంటి?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సును, చేరి రెండేళ్లయింది. మొన్న నైట్ డ్యూటీలో, పొద్దున పేగు ఆపరేషన్ అయిన 62 ఏళ్ల పెద్దాయన రెండింటికి "బిడ్డా, పానం గాబరైతాంది" అంటూ దుప్పటి కప్పుకోవడం, తీసేయడం. బీపీ 116/92, నాడి 88, ఆక్సిజన్ 96. ఊపిరి కొంచెం జోరుగా ఉన్నట్టనిపించింది కానీ షీట్‌లో ఎప్పటిలాగే 20 అని రాసేశాను. యూరిన్ బ్యాగులో రాత్రి పది నుంచి వచ్చింది 60 ఎం.ఎల్. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి "ఎందుకో బాగా అనిపించట్లేదు సార్" అంటే, "అన్నీ నార్మలే కదా, గాబరా ఆయనకా నీకా" అని పెట్టేశారు. నాలుగున్నరకు బీపీ 84కు పడింది. లోపల బ్లీడింగ్, మళ్లీ థియేటర్. ఆయన ఇప్పుడు బాగున్నారు. తర్వాత కేస్ షీట్ తిరగేస్తే అడ్మిషన్ రోజు బీపీ 158/90, నాడి 64, రోజూ అటెనలాల్ (నాడిని నెమ్మదిగా ఉంచే బీపీ మందు) వాడతారని ఉంది. నాకు అనిపించింది నిజమే కదా మేడం, మరి ఎందుకు చెప్పలేకపోయాను?

జవాబు: అనిపించడం అంటున్నారు గానీ చెల్లె, మీరు నాలుగు విషయాలు కళ్లారా చూశారు, వాటిని ఒకచోట పెట్టుకోలేదు, అంతే.

ముందు బీపీ సంగతి. 116 నార్మలే, కానీ ఎవరికి? 158 ఉండే మనిషికి 116 అంటే 42 పడిపోయినట్టు. ఇంకా పై అంకె, కింది అంకె మధ్య తేడా చూడండి, ముందు 68 ఉన్నది 24కు వచ్చింది. రక్తం పోతున్నప్పుడు ఒళ్లు రక్తనాళాలను బిగబట్టి బీపీని నిలబెడుతుంది, అందుకే కింది అంకె దిగదు, ఒంట్లో రక్తం దాదాపు 30 శాతం పోయేదాకా పై అంకె కూడా చూడ్డానికి బాగానే కనిపించొచ్చు. బీపీ పడేదాకా ఆగుదాం అనుకుంటే చాలా ఆలస్యమైనట్టే. నాడి పెరగాలి కదా అంటారా, అటెనలాల్ మింగే మనిషికి నాడి అంత తేలిగ్గా 120 దాటదు. ఆయనకు 64 నుంచి 88 అంటేనే పరుగు.

మూత్రం కిలో బరువుకు గంటకు అర ఎం.ఎల్. అయినా రావాలి. 60 కిలోల మనిషనుకున్నా నాలుగు గంటల్లో 120, మీ బ్యాగులో సగమే ఉంది.

ఇక ఆ 20. దీనికి మాత్రం కోప్పడతాను. ఏ వార్డు షీటు తీసినా అందరూ నిమిషానికి 20 సార్లే ఊపిరి తీస్తుంటారు, వార్డంతా కలిసి కవాతు చేస్తున్నట్టు! మనిషి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఊపిరే, మనం లెక్కపెట్టనిదీ అదే. బ్రిటన్‌లో 2012లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అని ఒక మార్కుల పద్ధతి తెచ్చారు, మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు, అందులో ఊపిరి 25 గానీ అంతకుమించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 మార్కులు, ఎవరైనా వచ్చి చూడాల్సిందే. మీ పేషెంట్ బీపీకి, నాడికి, ఆక్సిజన్‌కు అందులో పడేది సున్నాయే. 20కీ సున్నాయే. అంటే ఎంత మంచి పద్ధతి ఉన్నా మీరు లెక్కపెట్టకుండా రాసిన అంకె దాని కళ్లు మూసేసింది. నాడి పట్టుకున్నట్టే చెయ్యి పట్టుకుని, చెప్పకుండా, ఛాతీ చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టండి. చెబితే ఊపిరి మార్చేస్తారు.

"పానం గాబరైతాంది" అన్న మాటను మనవాళ్లు గ్యాస్‌కూ వాడతారు, భయానికీ వాడతారు, నిజమే. కానీ ఆపరేషన్ రోజు రాత్రి ఆ మాట వింటే కట్టు, డ్రెయిన్ (లోపలి రక్తం, నీరు బయటికి తెచ్చే గొట్టం) చూడాలి, పొట్ట ఉబ్బిందా, చేతులు చల్లబడ్డాయా తడమాలి.

ఫోన్‌లో ఇట్లా చెప్పి చూడండి: "సార్, ఈరోజు పేగు ఆపరేషన్ పేషెంట్. బీపీ 158 నుంచి 116కు వచ్చింది, నాడి 64 నుంచి 88, అటెనలాల్ మీద ఉన్నారు. ఊపిరి లెక్కపెట్టాను, ఇంత ఉంది. నాలుగు గంటల్లో మూత్రం 60. బ్లీడింగేమోనని అనుమానం, వచ్చి చూడండి." దీనికి "అన్నీ నార్మలే" అనడం ఏ డాక్టర్‌కైనా కష్టం. అయినా రాకపోతే ఫోన్ చేసిన టైమ్, ఆయన చెప్పిన జవాబు నర్సెస్ నోట్స్‌లో రాసి, ఆపరేషన్ చేసిన సర్జన్‌కే ఫోన్ చేయండి, నైట్ సూపర్‌వైజర్‌ను కూడా లేపండి. తిడితే తిట్టనీయండి, నేనూ తిన్నాను.